జనం వైపు తిరిగి నిలబడిన టీచర్

పోయిన నెల మా కంపెనీవాళ్లు సిబ్బందికి, వాళ్ల కుటుంబాలకి ఓ వేడుక జరిపారు. మలయా గడ్డ మీద, పోర్ట్ క్లాంగ్ రేవులో ఓడల సరుకుకి సంబంధించిన కాగితాలు చూసే ఆఫీసు మాది. గోదాము ముందున్న ఖాళీ స్థలంలో షామియానాలు వేసి అందరికీ ఒకే రకం నారింజ రంగు టీషర్టులు పంచారు. మేనేజరు మైకు పట్టుకుని కంపెనీ నినాదాన్ని ముక్కలు ముక్కలుగా చెబుతుంటే మేమంతా తిరిగి అరిచాం. మొదట సిగ్గుపడుతూ, తర్వాత కాస్త గట్టిగా, చివరికి గొంతు చించుకుని. లారీ డ్రైవర్లు, గుమాస్తాలు, నాతో ఏడాదిగా మాటల్లేని అకౌంట్స్ ఆవిడ, అందరిదీ ఒకటే గొంతు. నిజం చెప్పాలంటే బాగుంది. ఒళ్లు పులకరించింది.

ఆ పులకరింతలోనే టీచర్ గుర్తొచ్చింది. ఆవిడే గనక ఉండి ఉంటే నా పక్కకి వచ్చి, జారిపోయే కళ్లద్దాలు పైకి తోసుకుని, "ఎలాగున్నాది? సెప్పు పాపా, మరిసిపోకముందే సెప్పు" అని అడిగి ఉండేది.

తప్పు పట్టడానికి కాదు. ఆవిడకి నిజంగానే తెలుసుకోవాలని ఉండేది.

టీచర్ పోయి ఏడాది దాటింది. క్లాంగ్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేది. పుట్టిందేమో సుంగై సిపుట్ దగ్గర రబ్బరు ఎస్టేటులో. ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు. పేర్ల విషయంలో ఆవిడకో పట్టింపు ఉండేది, ముందు అది చెబుతాను.

నేను ఫారం సిక్స్, అంటే స్కూల్లో ఆఖరి తరగతి, చదివేటప్పుడు ఆవిడ దగ్గర చరిత్ర ట్యూషన్‌కి వెళ్లేదాన్ని. పగలు స్కూల్లో పాఠాలు చెప్పి, సాయంత్రం ఇంటి వసారాలో మాకు చెప్పేది. మూలమీద కొట్టులో పాలు లేని టీ ప్లాస్టిక్ సంచీలో కట్టించుకుని వచ్చి, ఆ సంచీని కిటికీ ఊచకి తగిలించేది. పాఠం మధ్యలో లేచి వెళ్లి స్ట్రాతో ఒక గుక్క పీల్చి వచ్చేది. పరీక్షకి కావలసింది మలయ్‌లో చెప్పేది. తమిళ పిల్లలతో తమిళం. తెలుగువాళ్లం ఇద్దరమో ముగ్గురమో ఉంటే మాతో ఎస్టేటు తెలుగు. ఏ భాషలో మొదలుపెట్టినా, ఈ ఊళ్లో అందరిలాగే, వాక్యం చివర 'లా' అని తగిలించడం మాత్రం అందరితోనూ ఒకటే.

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య యూరప్‌లో ఫాసిజం ఎలా పెరిగిందన్నది మాకో పెద్ద పాఠం. ఇటలీలోనూ జర్మనీలోనూ అధికారం చేతికి తీసుకున్న ఆ ఇద్దరి పేర్లనీ టీచర్ బోర్డు మీద రాసేది. నోటితో మాత్రం పలికేది కాదు. "ఈయన", "ఆయన" అంటూ సుద్దముక్కతో బోర్డు మీద కొట్టి చూపించేది.

ఒకరోజు ఉండబట్టలేక, "పేరు సెప్తే ఏటవుతాది టీచర్?" అని అడిగాను.

"ఏటీ అవ్వదు లా. పేరు సెప్పగానే మీరు పెన్నులు మూసేస్తారు. అంతా ఆడే సేసినాడు, ఆడు సచ్చినాడు, కత అయిపోనాది అనుకుంటారు. ఆడొక్కడే గదా. మరి పాదాంగ్ నిండా నిలబడినోళ్లు ఎవరు?"

పాదాంగ్ అంటే మాకు ఊరి మైదానం. ఎక్కడి ఇటలీ, ఎక్కడి జర్మనీ, ఆవిడ నోట్లో పడితే అన్నీ క్లాంగ్ పాదాంగ్‌లోనే జరిగినట్టు ఉండేవి.

ఆవిడ దగ్గర పాత ఫొటోల నకళ్లు చాలా ఉండేవి. ఏ పుస్తకం నుంచి తీయించినా ఒకటే సూత్రం. నాయకుడు కనపడకూడదు. ఒకసారి మా ముందు ఒక జర్మన్ ఊరి బజారు వీధి ఫొటో పరిచి, చేతికి భూతద్దం ఇచ్చింది. వీధికి రెండు పక్కలా జనం, అందరి చేతులూ ముందుకు చాచి ఉన్నాయి. ఆ జనంలో తలా ఒక ముఖం ఎంచుకోమంది. నేను ఒక లావుపాటి ఆవిడని ఎంచుకున్నాను. ఒక చెయ్యి పైకెత్తి, రెండో చేత్తో బరువైన సంచీని పొట్టకి అదుముకుని ఉంది.

"ఆవిడ సంచీలో ఏటున్నాది?" అని అడిగింది టీచర్.

"బంగాళదుంపలు" అన్నాను, పక్కవాళ్లని నవ్వించడానికి.

వాళ్లు నవ్వారు. టీచర్ నవ్వలేదు. "సరే, బంగాళదుంపలే. ఇంటికెళ్లి ఉడకెయ్యాల. మొగుడొచ్చే ఏళయిపోతన్నాది. మరెందుకు ఆగిపోనాది?"

"మోసపోయింది టీచర్. అప్పుడు అందరూ మోసపోయినారు గదా."

"మోసపోయినారు అనేస్తే ఇంక మనకి పని నేదు. నానడిగింది అది కాదు పాపా. ఆ సెయ్యి లేపినప్పుడు ఆవిడికి ఎలాగున్నాది?"

పరీక్షలో ఇది రాదు కదా అని వెనకనుంచి ఎవరో తమిళంలో గొణిగారు. రాదని టీచర్ వెంటనే ఒప్పేసుకుంది. బోర్డు తుడిచి కారణాలన్నీ వరసగా రాసింది. నిరుద్యోగం, విలువ పోయిన డబ్బు, ఓడిపోయి సంతకం పెట్టిన ఒప్పందం తెచ్చిన అవమానం, కమ్యూనిస్టులంటే భయం, డబ్బున్నవాళ్ల అండ. "ఇవి రాయండి. మార్కులు తెచ్చేవి ఇవే. ఇవి అబద్దాలు కావు. కాని, పొద్దున్న లేచి ఆ సొక్కా తొడుక్కున్నోడు ఉన్నాడు గదా, గుండీలు పెట్టుకుంటన్నప్పుడు ఆడికి ఏటనిపించినాదో, నాను సదివిన పుస్తకాల్లో నాకు దొరకనేదు" అంది. వెళ్లి టీ ఒక గుక్క పీల్చి వచ్చింది.

ఆవిడని ఈ ప్రశ్న ఎక్కడ పట్టుకుందో చాలాకాలం నాకు తెలియలేదు. ఉద్యోగంలో చేరి జీతం అందుకున్నాక ఒక ఆదివారం చూడ్డానికి వెళ్తే, ఏదో మాటల్లో తనే చెప్పింది.

జపాన్‌వాళ్లు మలయాని పట్టుకున్నప్పుడు ఆవిడ తండ్రి ఎస్టేటులో పదిహేడు పద్దెనిమిదేళ్ల కుర్రాడు. ఎస్టేటు జనాన్ని మైదానంలో వరసలుగా నిలబెట్టి, వాళ్ల చక్రవర్తి ఉండే దిక్కుకి వంగి దండం పెట్టించేవారట. కవాతు పాటలు నేర్పించారట. అదే జపాన్‌వాళ్లు ఆవిడ పెదనాన్నని సయాం అడవుల్లో రైలుదారి వేసే పనికి పట్టుకుపోయారు. ఆయన మళ్లీ రాలేదు. ఏళ్లు గడిచాక, టీచర్ చిన్నపిల్లగా ఉన్నప్పుడు, ఆ తండ్రి రబ్బరు గీసే కత్తి నూరుకుంటూ ఆ కవాతు పాట పాడుకునేవాడట. మాటలు సగం మర్చిపోయినా వరస తప్పేవాడు కాదట.

"ఆళ్లు పెదనాన్నని సంపేసినారు గదా నాన్నా, ఆళ్ల పాట ఎందుకు పాడతన్నావు అని అడిగినాను" అంది టీచర్. "మా నాన్న నా పక్క సూసినాడు. కోపం రానేదు. పాట బాగుంటాది గదే అన్నాడు. మళ్లీ నూరుకున్నాడు."

ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ ముఖంలో బాధ కంటే, ఎటు తిప్పినా తెరుచుకోని తాళాన్ని చూస్తున్నప్పటి పట్టుదలే ఎక్కువ కనిపించింది.

అందుకేనేమో, ఎక్కడ జనం పోగైనా వెళ్లి నిలబడేది. ఎన్నికల సభలు, కొత్త సూపర్‌మార్కెట్టు తెరిచిన రోజు తోపులాట, ఫుట్‌బాల్ ఆట చూడ్డానికి పెద్ద తెర కట్టిన చోటు. ఏ పార్టీ సభ అన్నది ఆవిడకి పట్టేది కాదు. గొడుగు ఊతంగా పట్టుకుని ముందు వరసకి పోయి, వేదికకి వీపు పెట్టి, జనం వైపు తిరిగి నిలబడేది. ఒకసారి నన్నూ తీసుకెళ్లింది. పార్టీ కార్యకర్త ఒకతను మర్యాదగా దగ్గరికి వచ్చి, వేదిక అటు ఉంది ఆంటీ అని చూపించాడు.

"తెలుసు లా. ఆయన సెప్పింది రేపు పేపర్లో వస్తాది. ఈళ్ల మొకాలు రావు" అంది తమిళంలో. అతను నా వైపు చూశాడు, ఈవిడని ఇంటికి తీసుకుపొమ్మన్నట్టు.

ఇక అసలు సంగతికి వస్తాను. కొన్నేళ్ల క్రితం క్లాంగ్‌లో పెద్ద వరద వచ్చింది. మా కాలనీలో నీళ్లు ఛాతీ దాకా లేచాయి. అప్పుడు మమ్మల్ని బయటికి తెచ్చింది ప్రభుత్వం కాదు, పక్క వీధిలో ఉండే ఒక లారీ డ్రైవరు. మేమంతా అన్న అనే పిలుస్తాం. తల్లి తెలుగు, తండ్రి తమిళం. తెలుగులో మొదలుపెట్టి తమిళంలోకి జారిపోతుంటాడు. ఎత్తైన లారీని నీళ్లలోకి దింపి, ఇంటింటికీ ఈదుకుంటూ వెళ్లి మనుషుల్ని మోసుకొచ్చాడు. టీచర్‌ని భుజం మీద వేసుకుని తెచ్చాడు. "నన్ను బియ్యం బస్తాలాగ ఏసుకొచ్చినాడు" అని ఆ తర్వాత ఎవరు కలిసినా నవ్వుతూ చెప్పేది.

వరద పోయిన మరుసటి ఏడు మా కాలనీలో మోటారుసైకిళ్లు దొంగలపాలు కావడం మొదలైంది. ఒకటి, తర్వాత ఇంకోటి. అన్న పదిమందిని కూడగట్టి సాయంత్రాలు కావలి తిరగడం మొదలుపెట్టాడు. మొదట్లో అందరికీ సంతోషమే. వీధి దీపాలు బాగుచేయించారు, మురుగుకాలవలు శుభ్రం చేయించారు. తర్వాత ముదురు నీలం చొక్కాలు కుట్టించుకున్నారు. ఆ తర్వాత వాళ్ల చూపు చివరి వరస ఇళ్ల మీద పడింది.

ఆ ఇళ్లలో చేతి తొడుగుల ఫ్యాక్టరీలో పనిచేసే నేపాలీలు అద్దెకి ఉండేవారు. ఇంటికి పదిమంది దాకా. దొంగలు వాళ్లేనని ఎవరూ నిరూపించలేదు. కాదని కూడా ఎవరూ అనలేదు. ముందు వాళ్లని పిల్లల పార్కులోకి రావద్దన్నారు. తర్వాత గుంపుగా నిలబడవద్దన్నారు. తర్వాత దారిలో ఆపి సంచీలు తెరిచి చూపించమన్నారు.

ఇలాంటప్పుడు టీచర్ ఏం చేస్తుందో చూడాలని నాకు ఉండేది. వెళ్లి అన్నని నిలదీస్తుందనుకున్నాను. ఆవిడ నిలదీయలేదు. వెళ్లి తనకీ ఒక చొక్కా కావాలని అడిగింది.

డెబ్బై ఏళ్ల మనిషి చీర మీద నీలం చొక్కా తొడుక్కుని, చేతిలో టార్చితో మా గుమ్మం ముందునుంచి వెళ్తుంటే నా కళ్లని నేనే నమ్మలేదు. మర్నాడు ఆఫీసునుంచి నేరుగా ఆవిడ ఇంటికి వెళ్లాను.

"ఏటిది టీచర్?" అన్నాను. కాస్త కోపంగానే అని ఉంటాను.

"కూసో. కోపం పడకు. ఇన్నేళ్లూ బయట నిలబడి సూసినాను గదా పాపా. లోపల ఎలాగుంటాదో ఎవరూ సెప్పనేదు. నాకా, వయసైపోతన్నాది."

"ఎలా ఉంది మరి?"

ఆవిడ లేచి కిటికీ దగ్గర టీ ఒక గుక్క పీల్చి వచ్చింది. "బాగున్నాది లా" అంది మెల్లగా. "నిజంగా బాగున్నాది. అందరం ఒక్క అడుగే ఏస్తాం. నాను ఎనకబడిపోతే ముందోళ్లు ఆగుతారు. వీదిలో ఆడోళ్లు కిటికీల్లోంచి సెయ్యి ఊపుతారు. మోకాలి నొప్పి కూడా తెలీనేదు. నాకు ఇలాగుంటాదని అనుకోనేదు. అదే బయమేసినాది."

ఇంకా వెళ్తావా అని అడిగాను. వెళ్తానంది. అర్థమయ్యేదాకా వెళ్తానంది.

తర్వాతి వారం జరిగింది ఆవిడే చెప్పగా విన్నాను. దీపాలు పెట్టే వేళ, ఫ్యాక్టరీ నుంచి వస్తున్న ఒక నేపాలీని కావలివాళ్లు ఆపారు. చేతిలో రెండు సంచీలు. తెరిచి చూపించమన్నారు. అతను తెరుస్తుండగానే ఎవరో ఆగలేక లాగారు. ఉల్లిపాయలు రోడ్డు మీద దొర్లాయి, గుడ్లు పగిలాయి. అతను కిందికి వంగి ఉల్లిపాయలు ఏరుకుంటూ ఒక్కసారి తలెత్తి టీచర్ వైపు చూశాడు.

"టార్చి నా సేతిలోనే ఉన్నాది" అంది టీచర్. "ఆడు ఏరుకోడానికి ఎలుతురు సూపిస్తన్నానని నాను అనుకుంటన్నాను. ఆడి మొకంలోకి ఏస్తన్నానని ఆడు అనుకుంటన్నాడు. ఇద్దరిదీ నిజమే."

మర్నాడు ఆవిడ గుడ్లు కొనుక్కుని చివరి వరసకి వెళ్లింది. అతనే తలుపు తీశాడు. పర్వాలేదు మాక్చిక్ అన్నాడు. ఇక్కడ పెద్దవయసు ఆడవాళ్లని మలయ్‌లో అలా పిలుస్తారు. గుడ్లు తీసుకోవడానికి మొహమాటపడి, చివరికి తీసుకున్నాడు. కూర్చోమని స్టూలు వేశాడు. అప్పుడు అడిగాడట, ఏమీ దెప్పిపొడుపు లేకుండా, తెలుసుకోవాలన్నట్టే, మీరు ఆ చొక్కా ఎందుకు వేసుకున్నారు అని.

"జీవితమంతా నానడిగిన మాట. నన్నే అడిగినాడు" అంది టీచర్. "ఏటి సెప్పినానో తెలుసా? సాజా-సాజా అనేసినాను."

సాజా-సాజా అంటే మలయ్‌లో ఊరికే అని. కారణమేమీ లేదని.

"నలపై ఏళ్లు సదివినాను, పిల్లలకి సెప్పినాను. నా దగ్గిర ఉన్న జవాబు అదే. ఊరికే." ఆవిడ నవ్వబోయింది. నవ్వు రాలేదు. ఆవిడ కళ్లలో నీళ్లు చూడడం నాకు అదే మొదలు.

ఆ నెలాఖరు ఆదివారం పొద్దున కాలనీ హాల్లో సమావేశం పెట్టారు. చివరి వరస ఇళ్ల యజమానులు నేపాలీలని ఖాళీ చేయించాలని కాలనీ తరఫున కోరాలన్నది విషయం. హాలు నిండిపోయింది. అన్న మాట్లాడాడు. బాగానే మాట్లాడతాడు, వరద నాటి సంగతులు గుర్తుచేశాడు, మన పిల్లలు అన్నాడు, మన ఇళ్లు అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి అనబోతుండగా టీచర్ లేచి నిలబడింది. నీలం చొక్కాలోనే ఉంది.

అందరూ ఏదో ఉపన్యాసం వస్తుందనుకున్నారు. నేనూ అనుకున్నాను.

"తంబీ, ఒక్క మాట" అంది అన్నతో. మాకు అన్న, ఆవిడకి తమ్ముడు. "సేతులు ఎత్తేదేదో ఆళ్లని లోపలికి పిలిసి ఎత్తుదాం. ఆళ్ల గురించే గదా. ఆళ్ల ముందరే ఎత్తుదాం."

"ఎందుకు టీచర్" అన్నాడు అన్న.

"ఎత్తేటప్పుడు మనకెలాగుంటాదో సూద్దాం."

అక్కర్లేదని ఒకరిద్దరు అరిచారు. అన్న వాళ్లని చేత్తోనే ఆపాడు. ఆవిడని భుజం మీద మోసినవాడు, కాదనలేకపోయాడనుకుంటాను. "సరి టీచర్. పిలవండి" అన్నాడు.

ఆవిడ ముందే చెప్పి ఉంచినట్టుంది, ఆ గుడ్ల మనిషీ ఇంకో ఐదారుగురూ మెట్ల మీదే ఉన్నారు. లోపలికి వచ్చి గోడ వెంట నిలబడ్డారు. ఫ్యాక్టరీ చెప్పులు బయటే విడిచి వచ్చారు. హాల్లో చెప్పులు విడిచినవాళ్లు వాళ్లు మాత్రమే.

అన్న అడిగాడు. కొంతసేపు ఒక్క చెయ్యీ లేవలేదు. అప్పుడు అన్న తన చెయ్యి తనే ఎత్తాడు. దాని వెనక ఇంకోటి లేచింది. తర్వాత మూల నుంచి రెండు. తర్వాత వరసలు వరసలుగా. కొందరు గోడ వైపు చూడకుండా తమ మోకాళ్ల వైపు చూసుకుంటూ ఎత్తారు. ఒకావిడ భుజం దాకా ఎత్తి ఆపేసింది, లెక్కపెట్టేవాళ్లు ఎటైనా అనుకోవచ్చన్నట్టు. నేను ఎత్తలేదు. అది నా గొప్ప కాదు, టీచర్ పక్కన కూర్చున్నాను, అంతే. ఆవిడ వెనక్కి తిరిగి హాలంతా చూస్తోంది. కోపం లేదు. ఒక్కొక్క ముఖం మీదా ఆగి, చదువుతున్నట్టు చూస్తోంది.

చేతులు చాలినన్ని లేచాయి. నెల తిరక్కుండా నేపాలీలు ఖాళీ చేశారు. కాపార్ వైపు ఎక్కడో ఫ్యాక్టరీ హాస్టల్లో పెట్టారని విన్నాం. వాళ్లు వెళ్లాక కూడా మోటారుసైకిళ్లు పోతూనే ఉన్నాయి. దొంగెవరో ఈనాటికీ తెలియదు. కావలికి వచ్చేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు, ఫలానా రోజు ఆగిపోయిందని చెప్పడానికి లేదు. టీచర్ నీలం చొక్కాని ఉతికి, ఇస్త్రీ చేసి, అన్న చేతికి ఇచ్చి వచ్చింది. ఇద్దరు ముగ్గురు తల్లులు పిల్లల్ని ట్యూషన్ మాన్పించారు. ఆ మాట ఆవిడ ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ తర్వాత రెండేళ్లకి ఆవిడ గుండె జబ్బుతో ఆస్పత్రిలో పోయింది. సుంగై సిపుట్ నుంచి చెల్లెలు వచ్చి కర్మ జరిపించింది. పదహారో రోజు భోజనాలయ్యాక, వచ్చినవాళ్లంతా వెళ్లాక, అన్న వచ్చాడు. తెల్ల చొక్కా వేసుకుని గేటు బయటే నిలబడి ఉంటే నేను లోపలికి తీసుకొచ్చాను. అన్నం వద్దన్నాడు. టీ తీసుకున్నాడు.

"ప్రతి ఆదివారం మా ఇంటికి వచ్చేది, తెలుసా?" అన్నాడు. నాకు తెలియదు. "నేను లారీ కడుగుతూ ఉంటాను. వచ్చి స్టూలు మీద కూర్చునేది. ఒక్కసారి కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. హాల్లో సెయ్యి ముందు నువ్వే ఎత్తినావు గదా తంబీ, అప్పుడు నీకెలాగున్నాది అని అడిగేది. అదొక్కటే. దొంగల గురించి చెప్పేవాణ్ని. పిల్లల గురించి చెప్పేవాణ్ని. అవి కారణాలు, నానడిగింది అది కాదు అనేది. సరేనని లారీ టైర్ల గురించి మాట్లాడి వెళ్లిపోయేది."

"చివరికి చెప్పావా అన్నా?"

"ఆస్పత్రిలో." అతను టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. "వరదప్పుడు అందరూ నా పేరు పిలిచినారు. ఇళ్ల కప్పుల మీదనుంచి, కిటికీల్లోనుంచి. అన్ని ఏళ్లు ఆ వీధిలోనే ఉన్నాను, అంతకు ముందు నా పేరు ఎవరికి తెలుసు? నీళ్లు తీసినాయి. ఇంక ఎవరూ పిలవలేదు. చొక్కా వేసుకుంటే మళ్లీ పిలిచినారు. ఆరోజు హాల్లో ఎవరూ చెయ్యి ఎత్తలేదు చూడు, అప్పుడు నాకు నీళ్లు తీసినట్టే అనిపించింది. మళ్లీ నేను ఎవరూ కాను అనిపించింది. అందుకే ఎత్తినాను. ఇదే చెప్పినాను."

"టీచర్ ఏమంది?"

"సంతోషపడింది." అతను తమిళంలోకి మారిపోయాడు. "నేను ఏడుస్తున్నాను, ఆవిడకి సంతోషం. ఇన్నాళ్లకి ఒక మనిషి నాకు సెప్పినాడు అని నా చెయ్యి పట్టుకుంది. తర్వాత ఇంకో ప్రశ్న అడిగింది. ఆళ్లెక్కడున్నారు తంబీ, అని. తెలీదన్నాను. కనుక్కో అన్నాది."

"కనుక్కున్నావా?"

"కనుక్కున్నాను. కాపార్‌లోనే. రెండుసార్లు వెళ్లినాను. హాస్టల్ గేటు దాకా వెళ్లి లారీ తిప్పుకుని వచ్చేసినాను. లోపలికి వెళ్లి ఏం చెప్పాలి?"

నేనూ వస్తాను, వెళ్దాం అన్నాను.

తర్వాతి ఆదివారం వెళ్లాం. హాస్టల్ గేటు ఇనుప కమ్మీలది. కాపలావాడు లోపలికి వెళ్లి ఎవరినో పిలుచుకొచ్చాడు. ఆ గుడ్ల మనిషే. అన్నని గుర్తుపట్టాడు. పట్టి, రెండడుగుల దూరంలో ఆగిపోయాడు. అన్న గేటు కమ్మీలు పట్టుకున్నాడు.

అతను నా వైపు చూశాడు, తర్వాత మా వెనక లారీ వైపు, అందులో ఇంకెవరైనా ఉన్నారేమోనన్నట్టు చూశాడు.

"మాక్చిక్ బాగున్నారా?" అని అడిగాడు.

నేను జవాబు చెప్పబోయి ఆగాను. అన్నే చెప్పాడు. వచ్చీరాని మలయ్‌లో, ఏ రోజు పోయిందో, ఎలా పోయిందో, తను పక్కనే ఉన్నాడనీ అన్నీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ కమ్మీలు పట్టుకునే ఉన్నాడు. అతను తల వంచుకుని మొత్తం విన్నాడు. విన్నాక గేటు గడియ తీశాడు.